పాన్‌దాన్ నా చేతికొచ్చిన వారం

చచ్చిపోయిన మనిషి మీద కూడా కుళ్ళుకోవచ్చని మొన్న మా అక్క కర్మ నాడు నాకు తెలిసింది. అక్క అంటే నా తోడబుట్టినది కాదు, నా తోడికోడలు. మా బావగారి భార్య. లాల్‌దర్వాజా గల్లీల నుంచి, శాలిబండ నుంచి, అఫ్జల్‌గంజ్ దుకాణాల నుంచి ఎంతమంది వచ్చారంటే, విస్తళ్ళు చాలక మళ్ళీ మనిషిని పంపించాల్సి వచ్చింది. ఒకామె ఆమె చేతి పాన్ తలచుకుని ఏడ్చింది. ఇంకొకామె ఆమె నవ్వు తలచుకుని ఏడ్చింది. గాజులమ్మే ముసలాయన గుమ్మం బయటే నిలబడి, తన భార్య పురిటికి ఆమె ఎట్లా వచ్చి కూచుందో ఉర్దూలో చెప్పుకుంటూ రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను గోడకు ఆనుకుని కూచుని, రేపు నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అని ఆలోచించాను. రారని తేలింది. ఒళ్ళు మండిపోయింది.

ఏడ్చినవాళ్ళంతా ఆమెను ప్రేమించినవాళ్ళే, కాదనను. కానీ వాళ్ళెవరూ ఆమెను నాలాగా చూడలేదు. ఆమె ఎట్లా కూచుంటుందో, ఎవరిని చూసి ఎంత నవ్వుతుందో, మా ఆయనకు ఎన్ని యాలకులు ఎక్కువ వేస్తుందో కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసినదాన్ని నేను. కాబట్టి ఆమె గురించి చెప్పే హక్కు నాకే ఎక్కువ ఉందనుకుంటున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క వసారాలో ఎడమ మోకాలు పైకి లేపి కూచునేది. ముందు పాన్‌దాన్. ఇత్తడిది, గట్టి మూత, మూతకు చిన్న తాళం. లోపల అరల్లో సున్నం, కాచు, వక్కలు, యాలకులు, సోంపు. కింద తడిబట్టలో చుట్టిన ఆకులు. ఆమె ఒక్కో ఆకు తీసి మోకాలి మీద పెట్టి కొంగుతో రెండు వైపులా తుడిచి, తొడిమ గిల్లి, ఆ తొడిమ ముక్కను తన చెవి వెనక పెట్టుకునేది. ఎందుకట్లా అని అడిగితే చెప్పేది కాదు. పాన్‌లన్నీ కట్టడం అయ్యేసరికి చెవి వెనక తొడిమల గుత్తి తయారయ్యేది. అట్లాగే లేచి వంటింట్లోకి పోయేది, బజారుకు కూడా పోయేది. ఇంకొకరు అట్లా పోతే పిచ్చిది అనేవాళ్ళు. ఆమెను మాత్రం అట్లా చూసి కూడా ముచ్చటపడేవాళ్ళు.

ఎవరి పాన్ ఏదో ఆమెకు అడగకుండానే తెలుసు. మామగారిది జర్దా పొగాకు వేసినది. మా అత్తకు పళ్ళు లేవు కాబట్టి ఆమెది చిన్న రోట్లో దంచినది. బావగారికి వక్క ఎక్కువ. మగవాళ్ళకు చిన్న పళ్ళెంలో పెట్టి జరిపేది. ఆడవాళ్ళకూ పిల్లలకూ అయితే గడ్డం కింద వేలు పెట్టి తల కొంచెం పైకెత్తి నోట్లోనే పెట్టేది. నాకూ అట్లాగే పెట్టేది. ఆ వేలు చల్లగా, కాస్త సున్నం వాసనతో ఉండేది. దాన్ని కొరికేయాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

నేను జనగామ వైపు నుంచి వచ్చిన కోడలిని. మా పుట్టింట్లో తమలపాకులు పెళ్ళిళ్ళకూ నోములకే కనపడేవి. ఇక్కడ చూస్తే పొద్దున లేచింది మొదలు ఇంటిల్లిపాదీ నోళ్ళు ఎర్రగా ఉండేవి. మంచానికొక పీక్‌దాన్, అంటే ఉమ్మే ఇత్తడి గిన్నె. అది కడగడం చిన్నకోడలి పని. పాన్ కట్టడం పెద్దకోడలి పని. ఈ పంపకం ఎవరు చేశారో నాకు తెలియదు, నేను వచ్చేసరికే జరిగిపోయి ఉంది.

అఫ్జల్‌గంజ్‌లో మావాళ్ళది ఎండుమిరపకాయల టోకు దుకాణం. సాయంత్రం మా ఆయన కళ్ళు ఎర్రజేసుకుని తుమ్ముకుంటూ వచ్చేవాడు. నేను గుమ్మంలో చెంబెడు నీళ్ళతో నిలబడేదాన్ని. ఆ చెంబు తీసుకుని కాళ్ళు కడుక్కుని, చెంబు నా చేతికిచ్చి, "వదినే, నా పాన్" అంటూ పోయి ఆమె ముందు కూలబడేవాడు. ఏ దలాల్ ఏమన్నాడో, ఏ లారీ ఎక్కడ ఆగిపోయిందో అంతా ఆమెకే చెప్పేవాడు. మా ఆయన జ్వరం తగిలి దుకాణంలో పడుకున్నాడన్న సంగతి కూడా మర్నాడు ఆమె చెపితేనే నాకు తెలిసింది. ఆమె మీద కడుపుమంట నాకు అక్కడ మొదలైంది. మా ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు. ఆమె మీదే వచ్చింది.

నేనూ నేర్చుకుంటానని ఒకసారి పట్టుబట్టి మామగారికి పాన్ కట్టాను. సున్నం ఎక్కువై ఆయన నాలుక పొక్కింది. నేను ఏడ్వబోయే లోపే అక్క ముందుకొచ్చి, సున్నం చిక్కగా కలిపి పెట్టింది తనేనని, చెల్లె తప్పేం లేదని చెప్పేసింది. ఆమె ఎంత మంచిదో అని అందరూ అనుకున్నారు. ఈమె ఎంత అబద్ధాలకోరో అని నేననుకున్నాను.

ఇది ఆమెకు అలవాటు. నేను పప్పు మాడిస్తే తనే మాడ్చానని చెప్పేది. తను చేసిన సర్వపిండి నేను చేశానని చెప్పేది. ఒక్కరూ నమ్మేవాళ్ళు కాదు. నమ్మకపోగా, పేరు కూడా తోడికోడలికే ఇస్తోందని ఆమెను ఇంకో మెట్టు ఎక్కించేవాళ్ళు. ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆమె నోట ఒకటే మాట, "ఫికర్ ఎందుకు, నేను లేనా?" ఇంట్లోవాళ్ళకూ అదే, పక్కింటివాళ్ళకూ అదే, పాలవాడికీ అదే. ఆమె ఉంది కాబట్టే నాకు ఫికర్ అని ఎట్లా చెప్పను?

ఆ మనిషి ఒంట్లో చెడ్డదంటూ ఏదైనా ఉంటే అది గొంతొక్కటే. చలికాలం రాగానే లోపల రెండు పక్కలా వాచేది. మా అత్త పసుపూ పటికా వేసి పుక్కిలి పట్టించేది. గల్లీ చివరి హకీమ్ సాబ్ మల్బరీ పళ్ళతో చేసిన, నల్లగా తియ్యగా ఉండే తూత్ షర్బత్ ఇచ్చేవాడు. తగ్గేది. మళ్ళీ వచ్చేది. ఆ సంవత్సరం మాత్రం తగ్గలేదు. నిజాం రాజ్యం పోయి కొన్నేళ్ళయిన రోజులవి. గొంతులో ఒక పక్క గడ్డ లేచి చీము పట్టింది. నోరు తెరుచుకోలేదు. మాట్లాడితే వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చేది. ఉమ్మి కూడా మింగలేక తువాలు నోటికి అడ్డం పెట్టుకుని కూచునేది. ఆ స్థితిలోనూ పాన్‌దాన్ ముందేసుకుని అందరికీ పాన్‌లు కట్టి, చెవి వెనక తొడిమలు పెట్టుకుంది.

మూసీ ఒడ్డున పెద్ద దవాఖానకు తీసుకుపోతే డాక్టరు కోసి చీము తీశాడు. కొన్నాళ్ళకు మళ్ళీ అట్లాగే లేచింది. మళ్ళీ తీశాడు. ఇంక ఊరుకుంటే ఒకనాడు ఊపిరే ఆడదని, వాపు చల్లారాక టాన్సిల్స్ రెండూ తీసేయాల్సిందేనని ఆయన చెప్పాడు. ఇన్నిసార్లు చీము పట్టిన గొంతు కాబట్టి నెత్తురు కాస్త ఎక్కువే పోవచ్చని కూడా దాచకుండా చెప్పాడు.

నాకింకా పిల్లలు లేరు కాబట్టి దవాఖానలో ఆమె దగ్గర ఉండే పని నాకు పడింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా అత్తనూ నన్నూ నిలబెట్టి, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు.

"కోసిన రోజు భయం అయిపోయింది. ఇంకొక భయం ఉన్నది. గొంతులో ఇప్పుడు తెల్లటి పొర కట్టింది. వారం అటూ ఇటూగా అది ఊడుతది. అప్పుడు నెత్తురు రావచ్చు. ఉమ్ములో ఎరుపు కనిపిస్తే ఇంట్లో కూసోవద్దు, నెత్తురు మింగనీయొద్దు, వెంటనే తీసుకరావాలె. వక్క గిక్క, సున్నం, పాన్ అసలే వద్దు."

మా అత్త అన్నిటికీ తలూపింది. ఇంటికి రాగానే మహంకాళి గుడికి పోయి మొక్కు తీర్చి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఆ కాయతో మా ఇంట్లో భయం ముగిసిపోయింది. గండం గడిచాక మళ్ళీ రెండో గండం ఉంటుందన్నది మా అత్తకు ఎక్కే మాట కాదు. పాన్ వద్దన్న మాట ఒక్కటే ఆమె గట్టిగా పట్టుకుంది. ఎందుకంటే పెద్దకోడలు పాన్ లేకుండా ఉండలేదని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకని పాన్‌దాన్‌కు తాళం వేసి, ఆ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పెద్దదాని చేతికి పోనియ్యకు. గొంతు మానేదాక నువ్వే కట్టు," అంది.

ఆ వారం నేను ఆ ఇంట్లో మొదటిసారి కోడలినయ్యాను. ఆ తాళంచెవిని బొడ్లో దోపుకున్నాను. మధ్యాహ్నం కాగానే అక్క కూచునే చోటే పీట వేసుకుని కూచునేదాన్ని. సున్నం ఈసారి గోటి కొసతో రాశాను. మా ఆయన సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, వేరే దారిలేక నా ముందు కూచున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక కొంచెంసేపు గోడ కేసి చూశాడు. తర్వాత ఆ రోజు వచ్చిన వరంగల్ సరుకు తడిసి ఉందని చెప్పాడు. తడిసిన మిరపకాయల ముచ్చట అంత తియ్యగా ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు. మూడో రోజో నాలుగో రోజో మామగారు నా చేతి పాన్ నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి, "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. ఆయన ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. నేను లేచి వంటింట్లోకి పోయి, ఎవరూ చూడకుండా ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అక్క ఎదురుగా మంచం మీద పడుకుని ఉండేది. మాట్లాడొద్దన్నారు కాబట్టి మాట్లాడేది కాదు. బావగారు రంపపు పొట్టులో చుట్టి తెచ్చిన ఐసుగడ్డ ముక్కలు చప్పరిస్తూ నా చేతుల కేసే చూసేది. ఆకు తుడిచేటప్పుడు నా వేళ్ళనే, కాచు రాసేటప్పుడు నా వేళ్ళనే. తప్పు పట్టుకోవడానికి చూస్తోందనుకున్నాను. చూస్తే చూడనీ, ఇన్నాళ్ళు నేను చూడలేదా అనుకుని ఇంకొంచెం ఒయ్యారంగా కట్టాను. తొడిమలు మాత్రం చెవి వెనక పెట్టుకోలేదు. అంత దిగజారలేదు.

వారం దాటింది. ఆ రోజు మధ్యాహ్నం మామగారు, బావగారు దుకాణం నుంచి భోజనానికి వచ్చారు. మా ఆయన వాళ్ళకంటే ముందే వచ్చి, వదినె మంచం దగ్గర స్టూలు మీద కూచుని ఏవో కబుర్లు చెప్పిపోయాడు. ఆయన మళ్ళీ దుకాణానికి వెళ్ళిన కొంచెంసేపటికి మా అత్త అక్క మంచం పక్కనుంచి నడుస్తూ కిందికి చూసి ఆగింది. అక్క పీక్‌దాన్ ఎర్రగా ఉంది.

"ఇగో, మన పెద్దకోడలు దొంగతనం జేసింది. ఎక్కడికెళ్ళి దొరికిందో, పాన్ తిన్నది," అని మా అత్త నోటి నిండా నవ్వింది.

అక్క కళ్ళు దించుకుని, పట్టుబడ్డట్టు చిన్నగా నవ్వి తలూపింది. తిన్నానని ఒప్పుకుంది. బావగారు కూడా నవ్వాడు. డాక్టరు వింటే తంతాడని మందలించాడు గాని, ఆ మందలింపులోనూ మురిపెమే ఉంది. మామగారు మీసాల చాటున నవ్వుకున్నాడు. ఇంటిల్లిపాదీ రోజంతా ఎర్రగా ఉమ్మే ఇంట్లో ఎరుపును చూసి ఎవరు భయపడతారు? ఇంకో ఇంట్లో అయితే ఆ రంగుకే గుండె ఆగిపోయేది. మా ఇంట్లో నవ్వొచ్చింది.

నవ్వు రానిది నాకొక్కదానికే. ఆమె చావుబతుకుల గురించి ఆలోచించానని చెపితే కళ్ళు పోతాయి. నేను ఆలోచించింది వేరు. తాళంచెవి నా బొడ్లో ఉంది. పాన్‌దాన్‌లో ఒక్క ఆకు కదలలేదు. మరి ఈమెకు పాన్ ఎవరిచ్చారు? పొద్దుటి నుంచి ఆమె మంచం దగ్గర కూచున్నది మా ఆయన ఒక్కడే. అంటే గల్లీ మలుపులో పాన్ డబ్బా మీద కట్టించి, జేబులో దాచుకుని తెచ్చి వదినెకు పెట్టి పోయాడన్నమాట. పెళ్ళయి ఇన్నేళ్ళకు నాకొక మూర పూలు తేని మనిషి.

మగవాళ్ళు ముందు గదిలోకి పోయి నడుం వాల్చగానే నేను అక్క మంచం దగ్గరికి పోయాను. ఆ పాన్‌లో యాలకులున్నాయా, గులాబీ రేకులున్నాయా, మా ఆయన ఏ రకం కట్టించి తెచ్చాడో వాసన చూసి పట్టుకుందామని. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నోట్లో ఏమీ లేకుండానే గుటకలు వేస్తోంది. ఒకటి కాగానే ఇంకొకటి. మెడ మీద ఆ కదలిక ఆగడం లేదు.

"అక్కా, నోరు తెరువు," అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"తెరువు. ఎవరిచ్చిన్రో నాకు ఎర్కనే."

అప్పుడు నా కేసి తిరిగింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా తెరిచింది. నేను వంగి వాసన చూశాను. కాచు వాసన లేదు. యాలకుల వాసన లేదు. జర్దా లేదు, సోంపు లేదు. పచ్చి నెత్తురు వాసన గుప్పున కొట్టింది. పళ్ళ సందుల్లో నెత్తురు, నాలుక మీద నెత్తురు, గొంతులోంచి ఇంకా ఊరుతున్న నెత్తురు. డాక్టరు చెప్పిన మాటలన్నీ ఒక్కసారి నా చెవుల్లో మోగాయి.

నేను మా అత్త దగ్గరికి ఉరికి, అది పాన్ కాదు నెత్తురు అని చెప్పాను. ఆమె కదలలేదు. నన్ను కింది నుంచి మీదికి చూసింది. నా సంగతి ఆ ఇంట్లో ఎవరికి తెలియదు కనక?

"ఒక్క పాన్ తింటే గూడ ఓర్వవానే దాన్ని?" అంది.

నేను ఓర్వలేనిదాన్నని ఆమె అన్నది నిజమే. నేను చెప్పింది కూడా నిజమే. కాని నా కుళ్ళు అందరికీ తెలిసినదవడం వల్ల నా నిజం చెల్లలేదు. అక్కడ గుటకలు వేస్తున్న మనిషికి ఎంతసేపు ఉందో నాకు తెలియదు. ఇంక మాటలతో పనిలేదని పీక్‌దాన్ ఎత్తుకొచ్చి మా అత్త కాళ్ళ ముందు, వాకిట్లో షాబాద్ బండ మీద బోర్లించాను. ఆ గిన్నెలు ఇన్నాళ్ళుగా కడిగింది నేను. పాన్ ఉమ్మిలో ఆకు పిప్పి ఉంటుంది, వక్క పలుకులు ఉంటాయి, ఇటుక పొడి రంగులో పలచగా పారుతుంది. ఇది పారలేదు. గడ్డలు గడ్డలుగా బండకు అతుక్కుంది. ఒక్క ఆకు ముక్క లేదు, ఒక్క వక్క పలుకు లేదు. మా అత్త దాన్ని చూసి, ముందు గదిలో ఉన్న బావగారిని కేకేసింది.

తర్వాత అంతా తొందరలోనే జరిగింది. బావగారు రిక్షా పిలుచుకొచ్చాడు. మిగిలిన ఐసు గుడ్డలో చుట్టి అక్క మెడకు కట్టాను. ఆమెను ముందుకు వంచి కూచోబెట్టి, ఒళ్ళో గిన్నె పెట్టి, మింగొద్దు, ఉమ్మెయ్ అని చెపుతూనే ఉన్నాను. శాలిబండ దిగి చార్మినార్ దాటేసరికి మనిషి చల్లబడింది. పత్తర్‌గట్టీలో బండ్లు అడ్డం పడి రిక్షా కదలకపోతే, బావగారు దిగి దారి ఇమ్మని అందరికీ దండం పెట్టుకుంటూ ముందు నడిచాడు. ఆమె తల నా భుజం మీద ఉంది. చెవి వెనక ఒక్క తొడిమ కూడా లేకుండా ఆమె తలను అంత దగ్గర నుంచి చూడటం నాకు అదే మొదలు. చావొద్దు అని మనసులో అనుకున్నాను. నువ్వు చస్తే నేను ఎవరిని చూసి కుళ్ళుకోవాలి అని కూడా అనుకున్నాను. ఆ రెండూ ఒకే మాటగానే వచ్చాయి.

దవాఖానలో డాక్టరు గొంతులో గడ్డకట్టిన నెత్తురంతా తీసి, దూది అదిమిపెట్టి, కారుతున్న చోట కుట్టు వేశాడు. ఇంకొంచెం ఆలస్యమైతే చెయ్యడానికి ఏమీ ఉండేది కాదన్నాడు. పోయిన నెత్తురు ఎక్కించాలన్నారు. ఇంట్లోవాళ్ళందరి నెత్తురూ పరీక్ష చేస్తే, దుకాణం నుంచి ఉరికొచ్చిన మా ఆయనదే సరిపోయింది. నేను వరండాలో కూచుని చూస్తుండగా మా ఆయన చొక్కా చెయ్యి మడుచుకుంటూ లోపలికి పోయాడు. ఆమె బతకాలని దేవుళ్ళందరికీ మొక్కుతూనే, సరిపోయేది ఇంకెవరిదీ లేదా అని లోపల ఒక మూల నాకు చురుక్కుమంది. ఉన్నది చెపుతున్నాను.

ఆమె బతికింది. బతికి ఇంటికొచ్చి వచ్చినవాళ్ళందరికీ, "మా చెల్లె బతికిచ్చింది" అని చెప్పింది. ఈసారి ఆమె చెప్పింది నిజమే. అయినా విన్నవాళ్ళు నన్ను చూడలేదు. ప్రాణం పోసిన పేరు కూడా తోడికోడలికే ఇచ్చేస్తోంది, ఎంత మనసు, అని ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. గొంతు మానగానే మా అత్త నా బొడ్లోని తాళంచెవి అడిగి తీసుకుంది. మధ్యాహ్నం అక్క మళ్ళీ మోకాలు లేపి కూచుంది. మళ్ళీ నేను చెంబుతో గుమ్మంలో నిలబడ్డాను.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. అత్తమామలు పోయారు. ముందు బావగారు, తర్వాత మా ఆయన పోయారు. దుకాణాలు పంచుకుని, ఇళ్ళు కూడా వేరయ్యాయి, కానీ పక్కపక్క గల్లీలే. ముసలివాళ్ళమయ్యాక సాయంత్రం ఒకరింటికొకరం పోయి కూచునేవాళ్ళం. కూచుని ఏం చేసేవాళ్ళం? ఎవరి కోడలు మంచిది, ఎవరి మోకాళ్ళు ఎక్కువ నొస్తున్నాయి అని పోటీ పడేవాళ్ళం. పోయిన బోనాల పండుగ తర్వాత ఒకనాడు ఆమె మంచం మీద కూచుని మెత్తని ఆకు ఏరుతుంటే, ఎన్నాళ్ళుగానో నోట్లోనే ఉండిపోయిన మాట అడిగేశాను. ఆ రోజు నోట్లో నెత్తురు పెట్టుకుని పాన్ తిన్నానని ఎందుకు తలూపావని. దవాఖాన అంటే భయపడ్డావా అని.

అక్క ఆకు పక్కన పెట్టింది. నా కేసి చూడలేదు.

"భయమెందుకు? పొద్దుగాల లేసినంకనే నోట్లె నెత్తురు కనవడ్డది. చెప్దమనే అనుకున్న. గప్పుడు యాదికొచ్చింది, మామ నీ చేతి పాన్ తిని మంచిగున్నది బిడ్డా అన్న మాట. అన్ని ఏండ్లు కట్టిన నేను. నన్ను ఒక్కనాడన్న అన్నడా గట్ల? మళ్ళ దవాఖానకు పోతే ఇంక పదిహేను దినాలు పాన్‌దాన్ నీ తాననే ఉంటుండె. గప్పటికి నన్నెవరు అడుగుతరు? ఒక్కపారి గిన్నెల ఊంచేసిన, తక్కిందంత మింగిన."

పిచ్చిదానివా, చచ్చిపోయేదానివి కదా అన్నాను.

"గది గూడ అనుకున్న. నువ్వొచ్చి నోరు తెరువు అన్నవు సూడు, తెరువొద్దనే అనుకున్న. మళ్ళ అనిపించింది, సస్తే పాన్‌దాన్ ఎప్పటికీ దీనిదే అయితది గదా అని. గందుకే తెరిచిన," అంది.

చెప్పి, ఆకు మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఏమీ జరగనట్టు కొంగుతో తుడుస్తూ కూచుంది. అంత ముసలితనంలో కూడా ఆమె ముఖం కాస్త ఎర్రబడింది. ఇంటికి పోతుంటే గల్లీలో ఎదురైనవాళ్ళందరినీ ఆపి చెప్పాలనిపించింది. మీరందరూ మొక్కే ఆ మనిషి, కుళ్ళంటే ఏమిటో తెలియదని మీరనుకునే ఆ మనిషి, నా మీద ప్రాణం పోయేంత కుళ్ళుకుందని. ఎవరికీ చెప్పలేదు. కర్మ నాడు కూడా చెప్పలేదు.

మా అత్త నన్నెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. మా ఆయన మంచివాడే, కాని నా చేతి పాన్‌ను ఆయన వారం రోజులు ఓర్చుకున్నాడు, అంతే. నాలో ఓర్వలేనంత గొప్ప ఏదో ఉందని అనుకున్నది ఆమె ఒక్కతే. ఇప్పుడు నా పాన్‌లు చాలా బాగుంటాయి. ఆమెవి కూడా అంత బాగుండేవి కావు. కోడళ్ళు తిని, మంచిగుంది అత్తమ్మా అని చెప్పి ఎవరి పని మీద వాళ్ళు పోతారు. ఎదురుగా మంచం మీద పడుకుని నా వేళ్ళ కేసి కన్నార్పకుండా చూసి, కడుపు రగిలిపోయే మనిషి మాత్రం లేదు. మధ్యాహ్నం పూట ఆ సంగతి గుర్తొస్తే నాకు ఏడుపు ఆగదు.